పరసాహాయ్యము - ఒంగోలు క్లౌ దొర చరిత్రము

గుంటూరు, ప్రకాశము మండలములకు పరదేశ ద్రవ్యము క్రొత్త గాదు. నాగార్జునసాగరు కాలువలను బాగుచేయుటకు 2010 సంవత్సరమున ప్రపంచ బ్యాంకు ఋణ మిచ్చెను. ప్రకృతి సేద్యమును వ్యాపింపజేయుటకు జర్మను ప్రభుత్వపు బ్యాంకు ఋణ మిచ్చినది. ఇట్టి వార్త వెలువడినప్పుడెల్ల మనలో రెండు పక్షము లేర్పడును. ఒక పక్షమువారు దాతకు చేతులు మోడ్తురు; రెండవ పక్షమువారు దాత మనస్సులో నేమున్నదో యని శంకింతురు. ఈ రెండింటిలో నేది సరియైనదో తేల్చుకొనుటకు వాదములకంటె నొక మనుష్యుని చరిత్రము మేలని మా నమ్మకము. ఆ మనుష్యుడు మన దేశమువాడు గాడు, మన మతమువాడు గాడు. అయినను ఒంగోలు సీమలో నేటికిని క్లౌ దొర యన్న నెఱుగనివా రరుదు.

జాన్ ఎవరెట్ క్లౌ 1836 సంవత్సరము జూలైలో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. కలిగినవారి బిడ్డ కాడు. బాల్యమున కుటుంబము పడమటి దేశములకు వలసపోగా, నచటి క్రొత్త భూములలో సేద్యపు పనులు చేయుచు పెరిగెను. యౌవనమున మిన్నెసోటా ప్రాంతమున ప్రభుత్వపు సర్వే బృందముతో దిరిగి, జనసంచారము లేని యడవులలో గొలుసు పట్టి హద్దులు గుర్తించు విద్య నేర్చెను. పిమ్మట అయోవా రాష్ట్రమున చదువుకొని, బాప్టిస్టు మతశాఖలో జేరి, బోధకుడుగా విదేశమునకు బోవ నిశ్చయించుకొనెను. ఆ గొలుసు విద్య యొకనాడు తెలుగుదేశమున వేలకొలది ప్రాణముల నిలుపునని యానా డెవ్వరును ఊహించియుండరు.

ఆయన భార్యతో గూడ బోస్టను రేవున ఓడ నెక్కినది 1864 నవంబరు చివర. అమెరికాలో నుత్తర దక్షిణ రాష్ట్రముల యుద్ధము ముగియని దినము లవి. ఆ యుద్ధమే మన పల్నాటి నుండి బాపట్లదాక నల్లరేగడి రైతుల యింట ధనము గుమ్మరించినది. అమెరికా ప్రత్తి మాంచెస్టరు మిల్లులకు చేరక నిలిచిపోగా, కాకినాడ రేవు పేర 'కోకనాడ' యని బజారున బిలువబడు మన ప్రత్తికి ధర లాకాశమునంటెను. 1865లో యుద్ధము ముగిసెను, ధరలు కూలెను. అమెరికాలో గాలి మళ్ళినచో గుంటూరు రైతు గాదె యూగునని యప్పుడే తెలిసినది. క్లౌ దంపతులు మద్రాసున దిగినది సరిగా నా 1865 ఏప్రిలులోనే.

అప్పటికి నెల్లూరున అమెరికను బాప్టిస్టుల మిషను పేదస్థితిలో నుండెను. 1840 నుండి పనిచేసియు చెప్పదగిన ఫలము కానరామి, దానిని మూసివేయుదమా యని స్వదేశములోని పెద్దలు పలుమారు తర్కించిరి. లైమన్ జ్యూయెట్టు దొర పట్టుపట్టి నిలుపగా నిలిచినది. క్లౌ నెల్లూరున తెలుగు నేర్చి, 1866 సెప్టెంబరులో ఒంగోలునకు కాపురము వచ్చెను. ఒంగోలు నాడు నెల్లూరు జిల్లాలోని తాలూకా. గుంటూరు జిల్లా యేర్పడినప్పుడు 1904లో దానిలో జేరినది. 1970లో ప్రత్యేక జిల్లాకు ముఖ్యపట్టణమై, తరువాత ఆంధ్రకేసరి పేర ప్రకాశము జిల్లా యైనది.

ఒంగోలున మొదట ఆయనను ఆదరించినవారు అగ్రవర్ణములవారే. ఇంగ్లీషు చదువు కావలెనని తమ పిల్లలను ఆయన బడికి బంపిరి. అంతలో తాళ్ళకొండపాడు గ్రామమునుండి ఎఱ్ఱగుంట్ల పేరయ్య యను మాదిగ పెద్ద వచ్చెను. తోళ్ళ వ్యాపారముపై గోదావరి ప్రాంతములకు బోవుచు క్రైస్తవ బోధ విని, అంతకుముందు రాజయోగ మార్గమున గురువుల సేవించి, మనశ్శాంతికై వెదకుచున్నవాడు. అతనివెంట నతని వారు వచ్చిరి. మాదిగలను జేర్చుకొన్నచో తమ పిల్లలు రారని పట్టణపు పెద్దలు క్లౌతో స్పష్టముగ జెప్పిరి. ఆయన మాదిగలను జేర్చుకొనెను. పెద్దలు తమ పిల్లలను బడి మాన్పించిరి. 1867 జనవరి 1వ తేదీన ఎనమండుగురితో ఒంగోలు సంఘ మేర్పడెను. కఱవునకు ముందే యది వేలలోనికి బెరిగినది. పెంచినది దొర యొక్కడే కాదు. ఊరూర దిరిగి చుట్టములకు జెప్పిన పేరయ్య వంటివారే యని మఱువరాదు.

మాదిగవాడు లేనిదే మన మెట్ట సేద్యము నాడు నడుచునది కాదని భూవసతిగల మన పాఠకులకు జెప్ప నక్కరలేదు. బావులపై మోటకు తోలుబాన కుట్టినవాడతడు. కాడికి తోళ్ళు, రైతు కాళ్ళకు చెప్పులు చేసినవాడతడు. మిరప తోటకు నీళ్ళు బాఱినను, ప్రత్తి చేను దున్నినను అతని చేతి పని యందులో నుండెను. ప్రతిఫలముగ కళ్ళమున కొన్ని మానికల ధాన్యము, చచ్చిన పశువు తోలు లభించెడివి. నాలుగు వానలు కురిసిన నా యేర్పాటు జరుగుచుండెను. కళ్ళమే లేని యేట వాని కెవ్వరు దిక్కు? ఈ ప్రశ్నకు మన గ్రామ వ్యవస్థలో జవాబు లేదు.

ఆ యేడు 1876లో వచ్చెను. గుంటూరు సీమకు కఱవు క్రొత్త గాదు. నందన సంవత్సరమున, అనగా 1832 - 33లో, ఐదు లక్షల జనములో సుమారు రెండు లక్షలమంది చచ్చిరని యంచనా. డొక్కల కఱవని పెద్దలు చెప్పుకొన్న దదియే. ఇప్పుడు ధాత, ఈశ్వర సంవత్సరములందు మద్రాసు రాజధాని యంతట వానలు తప్పెను. చెన్నపట్టణపు రేవులో ధాన్యపు రాసు లుండగా మెట్ట గ్రామములలో గంజి లేదు. 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో రాజప్రతినిధి లిట్టను ప్రభువు దర్బారు జరుపుచుండెను. ఆ నెలలోనే ఆయన పంపిన సర్ రిచర్డు టెంపులు మద్రాసునకు వచ్చి, కఱవు పనులయందు కూలికి దినమునకు నొక పౌను ధాన్యమును, కొద్దిపాటి డబ్బును చాలునని తగ్గించెను. ఆ కూలితో మట్టి మోయువాడు బ్రదుకజాలడని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిషు మొఱపెట్టగా, నెలలు గడచిన పిదప నా మేర మార్చబడెను. ఈ లోపల బోవలసిన ప్రాణములు పోయెను. ఈ కఱవున దేశమున ఏబది లక్షలకు మించి జనులు నశించిరని చరిత్రకారు లందురు.

ప్రభుత్వమువారు నాడు కఱవు పనిగా బట్టినవానిలో బకింగుహాము కాలువ యొకటి. మద్రాసునుండి తీరము వెంట నుత్తరముగ ద్రవ్వుచు, పెదగంజాము కడ కృష్ణా కాలువలతో గలుపుట దాని యుద్దేశము. అప్పటి గవర్నరగు బకింగుహాము డ్యూకు పేర దానికి నామకరణ మయ్యెను. కూలికై వచ్చిన మాదిగలు మేస్త్రీల చేతులలో బడిన కష్టములు క్లౌ వినెను. అన్యకులముల మేస్త్రీలు వారిని తిట్టుట, పని లెక్కలో తగ్గించుట, తఱిమివేయుట జరుగుచుండెను. అప్పు డాయన బోధకుడు చేయని పని యొకటి చేసెను. కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకమును తానే కంట్రాక్టు పుచ్చుకొనెను. మిన్నెసోటా యడవులలో నేర్చిన గొలుసు విద్య యిచట నక్కఱకు వచ్చినది. ఇంజనీర్ల పటములు చదువగలడు. మట్టి కొలత వేయగలడు. ఏ దినమున నెన్ని ఘనపుగజముల పని యైనదో తానే తేల్చగలడు. కనుక కొలతలో నెవ్వరును కూలిని మోసగింపజాలరైరి.

రాజుపాలెము కడ బస యేర్పడెను. తాటాకు గుడిసెలు లేచెను; నీటికి బావులు త్రవ్వించిరి. ఊళ్ళనుండి జనులు తండోపతండములుగ వచ్చిరి. నడచి వచ్చుచు త్రోవలో బడి చచ్చినవా రెందరో. తన బోధకులనే క్లౌ మేస్త్రీలుగ నియమించెను. పురుషులు త్రవ్విరి, స్త్రీలు తట్టలు మోసిరి, బలము లేనివారికి తేలిక పను లిచ్చిరి. వచ్చినవారిలో మాదిగలే కాదు. ఆకలికి కులము లేదు గనుక తక్కినవారును వచ్చిరి. విరామవేళ బోధకులు జనుల నడుమ గూర్చుండి తమ మతము జెప్పుచుండిరి. పని ముగిసి వారము చివర కూలి డబ్బు చేతిలో బడుచుండెను. నడుమ కలరా సోకి బసలో భయము పుట్టెను, కొందరు పాఱిపోయిరి. అయినను మూడున్నర మైళ్ళును ముగిసెను.

ఇచట మేము పాఠకులను క్షణమాత్రము నిలువుమని కోరుచున్నాము. ఆ కూలి సొమ్మెవరిది? అమెరికాది గాదు. కాలువ ప్రభుత్వపు పని. ప్రభుత్వపు బొక్కసము రైతుల శిస్తుతో, ఉప్పు పన్నుతో నిండినది. అనగా నా కూలి మన సొమ్మే. అమెరికానుండి వచ్చినది మూడు వస్తువులు మాత్రము: కొలత తెలిసిన యొక మనుష్యుడు, అతనికి జీతమిచ్చి పోషించిన సంఘము, కూలివానిని మనుష్యునిగ జూచిన యొక చూపు. మొదటి రెండింటిని ధనమిచ్చి యేదేశమునుండియైన దెప్పించుకొనవచ్చును. మూడవది మన యింట నుండవలసినది. అది లేకపోవుటచేతనే పరదేశినుండి రావలసివచ్చెను. కళ్ళమున మానికలు కొలిచి యిచ్చిన చేతులు కాలువగట్టున కూలి కొలత యేల చూడలేదని యడిగిన, భూస్వాములమగు మనయొద్ద సమాధాన మున్నదా?

లండనులో నగరాధిపతి మాన్షను హౌసున దెఱచిన నిధికి 1877లో ఆంగ్లదేశమునుండియు వలస రాజ్యములనుండియు లక్షలకొలది రూపాయలు చేరెను. దానినుండి విత్తనములు, ఎద్దులు కొనుటకు రైతులకు సాయము లభించెను. మేలు చేసిన సొమ్మే, మేము కాదనము. అయినను ఆ సంవత్సరములందే మన రేవులనుండి ధాన్యము విదేశములకు నోడల కెక్కుచుండెను. ఒక చేత ధాన్యమును కొనిపోయి మఱొక చేత చందా నిచ్చు దాతను నిండు మనస్సుతో కొనియాడుట యెట్లు?

ఇక నాయన జీవితములో మిక్కిలి వివాదాస్పదమగు ఘట్టమునకు వత్తము. కఱవు దినములలో వేలకొలది జనులు తమకు బాప్తిస్మ మిమ్మని క్లౌ నడిగిరి. ఆయన ఇయ్యనని చెప్పెను. కూడు కొఱకు మతము పుచ్చుకొన్నారను మాట వచ్చునని, అది నిజమును కావచ్చునని యెఱిగి, పదునైదు నెలలకాలము తలుపు మూసి యుంచెను. పని ముగిసి, కూలి నిలిచి, ఇక నీయవలసిన సొమ్ము లేదని చెప్పివేసిన పిమ్మట, 1878 జూన్ నడుమ తలుపు తెఱచెను. జూలై 3వ తేదీన ఒంగోలునకు నుత్తరముగ గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి కడ నొక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు దేశీయ బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసికొని నీటిలో నిలిచిరి; దొర గట్టున నుండి యేర్పాట్లు చూచెను. కొన్నియేండ్లలోనే ఒంగోలు సంఘము ఇరువదివేలు దాటి, లోకములోని బాప్టిస్టు సంఘములన్నిటిలో పెద్దదని పేరొందెను. 1883 ప్రాంతమున కంభము, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల ప్రత్యేక కేంద్రములైనవి.

దీనిని గూర్చి మనవారిలో చాలమంది యాక్షేపింతురు. ఆకలినాడు చేరదీసినవాని మాట తరువాత కాదనగలవా రెవ్వరు, తలుపు మూసినది నిజమైనను కృతజ్ఞతయే దారి చూపలేదా యని వారి ప్రశ్న. ఈ ప్రశ్న న్యాయమైనదే. కాలువగట్టున విరామవేళ బోధ సాగినదనునదియు నిజమే. ఉపకారముతో మతమును గలిపి యిచ్చుట మాకు సమ్మతము గాదు. ఆ ఋణము తీర్చుటకు పేదవానికి మనస్సు తప్ప వేఱు సొమ్ము లేదు. కాని యాక్షేపించువాడు రెండవ ప్రశ్నకును జవాబు చెప్పవలెను. బాప్తిస్మము పొందిన మాదిగ మఱునాడు పొందిన దేమి? ధాన్యము కాదు, కష్టములు. చచ్చిన పశువు మాంసము తిననని, జాతరలో డప్పు కొట్టనని, ఆదివారము పని చేయనని యతడు పట్టుపట్టగా, గ్రామపు పెద్దలు పని మాన్పించిరి, దారి యాపిరి, గుడిసెలనుండి వెళ్ళగొట్టుటకు బెదరించిరి. కేవలము కూటికై మాఱినవాడు కూడు పోవునని తెలిసియు నిట్టి పట్టుదల జూపునా? తనను మనుష్యుడని పిలిచినచోటికి మనుష్యుడు పోవును. ఆ పిలుపు మన దేవాలయపు వాకిట వినబడియుండినచో, గుండ్లకమ్మ యొడ్డునకు బోవలసిన పని వారికి లేకపోవును.

కఱవు తరువాత క్లౌ గట్టిగ బట్టిన పని బడులు. గ్రామగ్రామమున చిన్న బడులు, ఒంగోలున 1880లో ఉన్నత పాఠశాల, ఉపాధ్యాయులను తయారుచేయు శిక్షణశాలలు వెలసెను. అమెరికా వెళ్ళినప్పుడెల్ల అక్కడివారి యెదుట నిలిచి వీనికి ద్రవ్యము తెచ్చెను. మొదట బిడ్డలను మాన్పించిన పట్టణపు వర్ణములవారే యిప్పు డా యున్నత పాఠశాలలో తమవారిని జేర్చిరి. పూటకూళ్ళ యిల్లు నడిపిన తల్లి కష్టముతో టంగుటూరి ప్రకాశము చదువుకొన్న ఒంగోలు ఇదియే. చదువు నిచ్చిన చేయి యే దేశముదైనను, చదువుకొన్నవాని నోటినుండి స్వరాజ్య మను మాట వచ్చుట మానలేదు. విద్యాదానమునకు దాత పెట్టు షరతు లెన్నియైనను చివరకు నిలువవనుటకు నింతకంటె నిదర్శనము లేదు.

మొదటి భార్య గతించిన పిమ్మట క్లౌ ఎమ్మా రౌషెన్‌బుషును వివాహమాడెను. విదుషీమణియగు నామె మాదిగల కుటుంబములలో గూర్చుండి వారి పూర్వ కథలను, రాజయోగ గురువుల సంగతులను విని 1899లో గ్రంథముగ బ్రకటించెను. మన పండితులు వ్రాయదగినదిగ దలపని చరిత్ర యది. నేడు మన పరిశోధకులే దానిని వెదకి చదువుచున్నారు. క్లౌ వార్ధక్యమున స్వదేశమునకు మరలి, 1910లో న్యూయార్కు రాష్ట్రములోని రోచెస్టరున దన 74వ యేట కన్ను మూసెను. ఆయన పేర ఒంగోలున ఆసుపత్రి వెలసెను.

కాలువ సంగతియు జెప్పి ముగింతుము. ఉప్పు, కట్టెలు, ధాన్యము, మిరపకాయలు మోయుచు పడవలు దానిపై కొంతకాలము సాగినవి. 1899లో మద్రాసు - బెజవాడ రైలుమార్గము పూర్తి కాగా సరకు రైలెక్కెను. 1965, 66 తుపానులు కాలువను మఱింత పాడుచేసినవి. 2008లో దానిని జాతీయ జలమార్గములో జేర్చిరి. అయినను పలుచోట్ల నది పూడియే యున్నది. పరదేశి కొలిచి త్రవ్వించిన మూడున్నర మైళ్ళను పూడిక తీసి నిలుపుకొనలేకపోయినవారము మనమే. ఆ గట్టు మీద పని నేర్చినవారి మనుమల మనుమలలో ఉపాధ్యాయులు, వైద్యులు, శాసనసభ్యులు గలరు. మట్టిలో పెట్టిన సొమ్ము పూడినది. మనుష్యునియందు పెట్టినది పూడలేదు.

కావున పరసాహాయ్యము వచ్చినప్పుడు దాత కులమును గాని దేశమును గాని మొట్టమొదట నడుగ నక్కఱలేదు. మూడు ప్రశ్న లడుగుదము. ఈ సొమ్ములో మనదెంత, వారిదెంత? ఆకలితో నున్నవానినుండి బదులుగ నడుగున దేమి? దాత వెడలిపోయిన పిమ్మట పుచ్చుకొన్నవాడు తన కాళ్ళపై నిలువగలడా? సాగరు కాలువ ఋణమునకైనను, ప్రకృతి సేద్యపు ఋణమునకైనను కొలత యిదియే. చివరి చేనుదాక నీరు పాఱినదా, కౌలుదారునకు కూలివానికి లాభము చేరినదా యని చూడవలెను. పెద్ద కమతములకడ నిలిచిపోయినచో నది ప్రపంచ బ్యాంకు తప్పు గాదు, మన తప్పే.

క్లౌ దొర మతమును మేము స్వీకరింపలేదు. ఆయన కొలగొలుసును స్వీకరింపుమని మాత్రము మా పాఠకులను వేడుచున్నాము. కూలివాని పనిని తక్కువ గాక, ఎక్కువ గాక, ఉన్నంత కొలిచి, వారము చివర వాని చేతిలో పెట్టిన యా చేయి మన గ్రామములలో మనదే యైననాడు మఱియొక క్లౌ దొర సముద్రము దాటి రావలసిన యవసర ముండదు.